తొడ మీద చాపు తాళం

రెండు వేల సంవత్సరం, జనవరి ఒకటో తేదీ, ఉదయం ఏడూ ఇరవైకి మా కారు వాకిట్లోకి వచ్చి ఆగింది.

అందులో వింతేమీ లేదు. మా ఆయన ముందు రోజు సాయంత్రం ఆఫీసుకి వెళ్ళారు. పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండంకెలే రాసి ఉంటాయి. అవి రెండు సున్నాలు కాగానే ఏం చేస్తాయోనని ఊరూరా ఆఫీసుల్లో మనుషులు కాపలా కూర్చున్నారు. వాటిని వెతికి దిద్దడమే ఆయన పని. మమ్మల్ని గుంటూరు నుంచి ఆస్ట్రేలియాలోని అడిలైడ్ తీసుకొచ్చింది కూడా ఆ పనే. ఆరింటికి ఫోన్ చేసి, "నథింగ్ హాపెన్డ్. ఒక్క ప్రింటర్ మాత్రం పందొమ్మిది వందల సంవత్సరం అని కొట్టింది. దాన్ని చూసి అందరం నవ్వుకున్నాం. బయల్దేరుతున్నా" అన్నారు.

ఆఫీసు టెక్నాలజీ పార్కులో ఉంది. మేమున్నది దాని పక్కనే, అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్న మాసన్ లేక్స్‌లో. నడిచి వచ్చినా అంత ఆలస్యం కాదు. ఆయన కారు దిగుతుంటే చేతిలో గళ్ళ తువ్వాలు కప్పిన రేకు పళ్ళెం ఉంది. ఎక్కడ ఆగి వచ్చారో అడగాల్సిన పని లేకపోయింది.

"హ్యాపీ న్యూ ఇయర్" అన్నారు, బూట్లు విప్పుతూ.

"ముందు ఎవరికి చెప్పొచ్చారు?" అన్నాను.

"పెద్దాయన ఒక్కడే ఉంటాడు కదా."

"పాపా నేనూ ఇద్దరం ఉన్నాం కదా. అందుకని ఆగుతాం."

ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టి తువ్వాలు తీశారు. చీజ్ పెట్టి పొరలుగా చుట్టి కాల్చిన రొట్టె. ఇంకా వేడిగా ఉంది. బల్గేరియాలో కొత్త సంవత్సరానికి ఇది చేస్తారట. ముక్క ముక్కలోనూ ఒక చిన్న పుల్ల దాస్తారు. ఒక్కో పుల్లకి ఒక్కో అర్థం: ఆరోగ్యం, పని, ప్రయాణం. పళ్ళేన్ని తిప్పి వదిలితే, ఆగాక ఎవరి ముందున్న ముక్క వాళ్ళది.

"నీ పేరు చెప్పి కూడా తిప్పాడు. ఇదిగో, ఇది నీది" అన్నారు.

నా ముక్కలో ఆలివ్ పుల్ల వచ్చింది. ఆరోగ్యమట.

"మీకేం వచ్చింది?"

"పని."

"మీకు ఎప్పుడూ అదేగా. అక్కడి పని."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. రొట్టె బాగుంది. ఆ సంగతి చెప్పలేదు.

పెద్దాయన అని మేమనుకునే ఆ మనిషి బల్గేరియా దేశపు సంగీతకర్త. వాయిద్యగాడు కాదు, పాటగాడు కాదు. ఎవరు ఏ స్వరం ఎప్పుడు పాడాలో, ఎప్పుడు వాయించాలో కాగితం మీద రాసేవాడు. మాకు పరిచయమయ్యేనాటికి డెబ్బై దాటాయి. పారా హిల్స్‌లో ఒక పాత ఇటుక ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. ఆదివారాలు మేం వెళ్ళే చర్చిలో జీతానికి ఆర్గన్ వాయించేవాడు. ఆ చర్చి ఆయన మతశాఖది కాదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "ఆర్గన్ ఏ శాఖదో నేనూ అడగలేదు" అనేవాడు.

మా ఆయనకి ఒక అలవాటు. ప్రసంగం సాగుతుంటే కుడిచేయి తొడ మీద తాళం వేస్తూ ఉంటుంది. వినకపోవడం కాదు, వింటూనే వేస్తారు. ఇది వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చింది. మా మామగారు తెనాలి పక్కన ఒక ఊరి చర్చిలో మృదంగం వాయించేవారు. మా కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చర్చికి వచ్చే చాలామంది ఆ అక్షరాలు చూడకుండా పాట మొదలుపెడతారు. మామగారు కొడుక్కి ముందు ఆ అక్షరాలే నేర్పారు. ఎక్కువగా చాపు తాళం. తకిట తకధిమి. మూడు, నాలుగు, కలిపి ఏడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దాయన ఆర్గన్ దిగి నేరుగా మా బెంచీ దగ్గరికి వచ్చాడు. పేరు అడగలేదు, ఏ దేశమని అడగలేదు.

"నువ్వు ఏం లెక్కపెడుతున్నావు?" అన్నాడు ఇంగ్లీషులో. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది.

మా ఆయన తప్పు చేసి దొరికిన వాడిలా చేయి వెనక్కి తీసుకున్నారు. "సారీ సర్. ఏడు."

"ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"ఈ దేశంలో నేను పియానోలు శ్రుతి చేశాను, ఫ్యాక్టరీలో కారు తలుపులు బిగించాను, గాయకబృందాలకి నేర్పాను. ఏడు లెక్కపెట్టే మనిషిని చూడలేదు. వీళ్ళకి ఏడు ఇస్తే ఎనిమిది చేస్తారు. చివర ఒకటి కలిపి కాసేపు కూర్చుంటారు. మర్యాదస్తులు."

అలా మొదలైంది. ఆ సాయంత్రమే మా ఆయన వాళ్ళింటికి వెళ్ళారు.

పెద్దాయన గురించి నాకు తెలిసింది సగం మా ఆయన చెప్పగా విన్నది, సగం నేను చదివింది. మా ఆయన్ని నాకు అంత దూరం చేసిన మనిషి ఎవరో తెలుసుకోవాలని ఊళ్ళోని పెద్ద లైబ్రరీకి వెళ్ళాను. సంగీత నిఘంటువులో ఆయన పేరు కింద నాలుగు లైన్లు ఉన్నాయి. పుట్టిన ఊరు, చదివిన చోటు, రెండు రచనల పేర్లు, దేశం విడిచి వెళ్ళాడు అన్న మాట. నాలుగు లైన్లు చూసి నాకు కొంచెం సంతోషం కలిగింది. తర్వాత, నిఘంటువులో మనకు ఒక్క లైను కూడా ఉండదు కదా అనిపించి పుస్తకం మూసేశాను.

బల్గేరియాకి దక్షిణాన కొండల కింద పొగాకు పండించే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆకును దారానికి గుచ్చుతూ పాడేవారు. ఆ పాటలన్నీ ఏడుకో, తొమ్మిదికో, పదకొండుకో నడిచేవి. రాజధాని సోఫియా వెళ్ళి చదువుకున్నాక ఆ పాటల గతిలో తీగవాయిద్యాలకు ఒక రచన చేశాడు. దానికి పేరొచ్చింది. పేరొచ్చాక ప్రభుత్వం అడిగిన ఉత్సవ గీతాలు రాయాల్సి వచ్చింది. అవీ రాశాడు. ఆ తర్వాత రాసిన సింఫనీని ప్రభుత్వంలోని పెద్దలు విని, ఇందులో దిగులు ఎక్కువ ఉంది, తగ్గించి తీసుకురా అన్నారు. తగ్గించలేదు. ఒక గాయకబృందానికి పియానో వాయించడానికి ఆస్ట్రేలియా వచ్చి తిరిగి వెళ్ళలేదు. దాంతో అక్కడి రేడియోలో ఆయన సంగీతం వేయడం మానేశారు. ఇక్కడ వేయడం ఎవరూ మొదలుపెట్టలేదు. భార్య కూడా తర్వాత వచ్చి చేరింది, ఇక్కడే పోయింది. ఫ్యాక్టరీలో పనిచేస్తూనే నలుగురు కలిసి వాయించే క్వార్టెట్లు నాలుగు, పిల్లలకి పియానో పాఠాలు, గాయకబృందానికి పాటలు రాశాడు. ఆ కాగితాలన్నీ దుప్పట్ల బీరువాలో ఉండేవి. పైన దుప్పట్లు, కింద క్వార్టెట్లు.

పొగాకు సంగతి విన్నప్పుడు మా ఆయన, "మా ఆవిడ వాళ్ళది కూడా పొగాకు ఊరే" అన్నారట. ఇంటికొచ్చి నాతో చెప్పారు. పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర ఆకు కట్టే మనుషుల మధ్య నేను పెరిగాను. ఆ వాసన నాకూ తెలుసు. అది నాది. దాన్ని కూడా తీసుకెళ్ళి అక్కడ పెట్టారు అనిపించింది.

నాకు అక్కసు ఎందుకో చెప్పాలంటే మా సాయంత్రం ప్రార్థన గురించి చెప్పాలి. గొప్ప సంగతేమీ కాదు, మా వాళ్ళలో చాలా ఇళ్ళలో ఉన్నదే. దీపాలు పెట్టే వేళ చాప వేసుకుని కూర్చుని ఒక కీర్తన పాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసుకుంటాం. మా ఇంట్లో వాక్యం చదివేది నేను. కీర్తన ఎత్తుకునేదీ నేనే. ఆయనకి గొంతు లేదు. ఆయన తాళం వేసేవారు. పెళ్ళయిన వారం నుంచి అంతే. నా పాట, ఆయన చేయి. మాకు పాప పుట్టాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని పాదం మీద వేసేవారు.

పెద్దాయన గాయకబృందం ఆదివారం మధ్యాహ్నం, బుధవారం సాయంత్రం చర్చి హాల్లో చేరేది. రిటైరైన టీచర్లు, ఒక పోస్ట్‌మాన్, ఒక దంతవైద్యుడు, వాళ్ళ భార్యలు. వాళ్ళకి ఏడు పట్టించడం మా ఆయన పని. మొదట్లో బుధవారం మాత్రం ప్రార్థనకి ఉండేవారు కాదు. తర్వాత రిహార్సల్ అయ్యాక పెద్దాయన ఇంట్లో ఒక కాఫీ. తర్వాత మామూలు రోజుల్లో కూడా ఆఫీసు నుంచి అటు. నేను కీర్తన ఎత్తుకునేదాన్ని. చాప మీద ఆయన చోటు ఖాళీగా ఉండేది. పాప పక్కన ఏదో గీసుకుంటూ ఉండేది.

ఒకరోజు గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. పాప తీసింది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

"నాన్న ఏడమ్మా?" అంది మా అమ్మ.

"హీ ఈజ్ ఎట్ సెవెన్ అంకుల్స్ హౌస్."

"ఎవరి ఇంట్లో?"

సెవెన్ అంకుల్ అంటే పాప పెద్దాయనకి పెట్టుకున్న పేరు. నేను ఫోన్ తీసుకున్నాను. "ఆఫీసు పని అమ్మా" అన్నాను. పరాయి ఆడదాని ఇంటికి వెళ్ళే మొగుణ్ణి కాపాడినట్టు చెప్పాను. అది ఆడదైతే నాకు ఎవరితోనైనా చెప్పుకునే వీలుండేది. డెబ్బై దాటిన ముసలాయన, చెవుల్లో వెంట్రుకలు, మోకాళ్ళ నొప్పి. ఎవరితో చెప్పుకోను?

ఆ జనవరి తర్వాత పని తగ్గింది. ప్రపంచం ఆగలేదు కాబట్టి దాన్ని ఆపకుండా చూసిన వాళ్ళతో ఇంక అవసరం లేకపోయింది. మా వాళ్ళు ఒక్కొక్కరే సిడ్నీ వెళ్ళారు. పెండిల్ హిల్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసేవాడు. "బావా, ఇక్కడ వెబ్ వర్క్ బోలెడుంది. ఇంటి కిందే ఇండియన్ షాపు. అక్క కరివేపాకు కోసం ఏడవక్కర్లేదు" అనేవాడు.

పెద్దాయన బృందం ఈస్టర్‌కి ఒక కాన్సర్ట్ ఇవ్వబోతోంది. మా ఆయన, "కాన్సర్ట్ అయ్యాక చూద్దాం" అనేవారు.

"కాన్సర్ట్ ఎవరిది? మీదా, ఆయనదా?" అని నేను అడిగాను.

"ఆయనకి ఇదే ఆఖరిది."

"నాకు ఇది మొదటి ఇల్లు. దీనికి అద్దె కట్టాలి."

ఆయన చెక్కు పుస్తకం తీసి అద్దెకి చెక్కు రాశారు. ఆయన అలా చేస్తే నాకు గెలిచినట్టుండదు.

కాన్సర్ట్ ఏప్రిల్‌లో, ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం. నేను నా పట్టుచీర కట్టుకుని పాపతో రెండో వరసలో కూర్చున్నాను. మొదట పాత రచనలు పాడారు. చివర కొత్తది. బృందం లేచి నిలబడింది. వాళ్ళ ముందు ఒక మామూలు కుర్చీ తెచ్చి వేశారు. మా ఆయన సూటు వేసుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా మైకు. తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టారు.

ఇంకేమీ లేదు, ఆ చప్పుడే. పెద్దాయన ఆ చేతికి కూడా స్వరాల కాగితంలో విడిగా ఒక గీత గీసి రాశాడని తర్వాత తెలిసింది. నేను మాత్రం అప్పుడు, ఇది మా చాప మీది చప్పుడు, వీళ్ళందరూ టికెట్ కొని వింటున్నారు అనుకున్నాను. నా ముందు కూర్చున్నావిడ దాన్ని వినడానికి మెడ ముందుకి చాచింది.

మగవాళ్ళు ఆ తాళం మీద పాడారు. తకిట దగ్గర ఎత్తుకుని, సరిగ్గా. తర్వాత ఆడవాళ్ళు అందుకున్నారు. తకిట దాటిపోయాక, తకధిమి దగ్గర. మగవాళ్ళది మూడు, నాలుగు. ఆడవాళ్ళది నాలుగు, మూడు. కాసేపు రెండూ పక్కపక్కన నడిచాయి. ఆ తర్వాత తొడ మీది చేయి ఒక్క క్షణం ఆగి, మగవాళ్ళను వదిలేసి, ఆడవాళ్ళతో కలిసింది. అక్కడ రచన అయిపోయింది. ఎవరూ ఎనిమిది చేయలేదు.

హాలు బయట టీ ఇస్తుంటే పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. కర్ర ఊతంగా పెట్టుకుని తల వంచాడు. "మిమ్మల్ని అడగకుండా తీసుకున్నాను. క్షమించాలి" అన్నాడు.

"ఏం తీసుకున్నారు?" అన్నాను.

ఆయన మా ఆయన వైపు చూశాడు. "చెప్పలేదా?"

మా ఆయన టీ కప్పులోకి చూశారు.

కారులో అడిగాను. "ఏం చెప్పలేదు?"

"ఏమీ లేదు. మొదటి రోజు ఆయన ఏడు వేసి చూపించమంటే మన చాపు వేశాను. కాదన్నాడు. వాళ్ళ ఏడులో పొడుగుది చివర వస్తుంది, రెండు రెండు మూడు. నాకు ఒక్కసారే వచ్చేసింది. ఎలా వచ్చింది అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"మా ఆవిడ ఇంట్లో అలాగే పాడుతుంది అన్నా."

నాకు కొంతసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అంటే నేను తప్పు పాడుతున్నానా?" అన్నాను.

"తకిట వదిలేసి ఎత్తుకుంటావు. ఎప్పుడూ."

"పెళ్ళయినప్పటి నుంచీనా?"

"ఊఁ."

"మరి తాళం తప్పినట్టు ఎప్పుడూ అనిపించలేదే నాకు."

"నేను జరుపుకుంటా కదా. నువ్వు ఎత్తుకోగానే చేయి ఆపి నీతో కలుపుతా."

"ఇన్నేళ్ళూ తప్పు పాడుతుంటే నాకు చెప్పాలనిపించలేదా మీకు?"

"తప్పని ఎవరన్నారు? వాళ్ళ ఊళ్ళో అదే రైటు."

వెనక సీట్లో పాప నవ్వింది. "మమ్ ఈజ్ బల్గేరియన్" అంది.

ఇక్కడ ఎవరైనా నా అక్కసు తీరిపోయిందని రాస్తారు. తీరలేదు. ఆయన అక్కడికి నన్ను కూడా తీసుకెళ్ళారని అర్థమైంది. కానీ నా పాట గురించి నాకు చెప్పని మాట పెద్దాయనకి చెప్పారు. నా కోసం చేయి జరుపుకున్న సంగతి నాకంటే ముందు ఆయనకి తెలుసు. దాన్ని ఆయన రాసుకున్నాడు, నలుగురికీ వినిపించాడు, అది విన్న నలుగురిలో నేనొకదాన్ని. ఆ వారం ప్రార్థనలో నేను జాగ్రత్తగా తకిట దగ్గరే ఎత్తుకోవడానికి చూశాను. కుదరలేదు. రెండు చరణాలకే పాట ఆపేశాను. మా ఆయన, "నీలాగే పాడు" అన్నారు. పాడాను. ఆయన చేయి ఆగి, కలిసింది. నేను అప్పుడు చూశాను. అంతకు ముందెప్పుడూ ఆ చేయి వైపు చూడలేదు.

సిడ్నీ వెళ్ళలేదు. ఆయనకి యూనివర్సిటీలో చిన్న ఉద్యోగం దొరికింది. బుధవారాలు అలాగే వెళ్ళేవారు. నేను అలాగే ముఖం ముడుచుకునేదాన్ని. కొన్నేళ్ళు అలా నడిచింది.

ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తూ, యూనివర్సిటీ కార్ పార్కులో, కారు తలుపు తెరిచి పట్టుకుని ఆయన పడిపోయారు. ఆసుపత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

సమాధి కార్యక్రమం ఆ చర్చిలోనే జరిగింది. ఆర్గన్ వేరే వాళ్ళు వాయించారు. పెద్దాయన వాయించలేనన్నాడు. నల్ల కోటు వేసుకుని ముందు వరసలో, నడవాకి అటువైపు, నాకు కనిపించేలా కూర్చున్నాడు. తెలుగు కుటుంబాలు నాలుగో ఐదో వచ్చాయి. పాస్టరుగారు, "ఒక కీర్తన పాడదాం. అమ్మా, మీరు ఎత్తుకోగలరా?" అని నన్ను అడిగారు. నేను ఎత్తుకున్నాను. ఎప్పటిలాగే ఎత్తుకుని ఉంటాను, అప్పుడు నాకు తెలియలేదు.

పెద్దాయన చేయి తొడ మీద కదులుతోంది. వాళ్ళ ఏడు కాదు, మాది. మామగారిది. తకిట తకధిమి. నేను ఎత్తుకోగానే ఆ చేయి ఒక్క క్షణం ఆగింది. ఆగి, జరిగి, నాతో కలిసింది.

పెట్టె నా ముందే ఉంది. నేను పెట్టె వైపు చూడకుండా ఆ చేతి వైపు చూశాను. మచ్చలు పడిన ముసలి చేయి. మా ఆయన అది కూడా నేర్పారన్నమాట. లేదా ఆయనే చూసి నేర్చుకున్నాడు. నేను పక్కన కూర్చుని ఇన్నేళ్ళు చూడనిది ఆయన చూశాడు. ఆ మనిషి మీద నాకు అంత కోపం అంతకు ముందెప్పుడూ రాలేదు. కీర్తన అయిపోకూడదని కూడా అనిపించింది.

బయట నా చేయి పట్టుకుని, "మీకు కావాలంటే సాయంత్రాలు వస్తాను" అన్నాడు. ఎందుకని చెప్పలేదు, ప్రార్థనలో తాళం వేయడానికేనని అర్థమైంది. "వద్దండీ" అన్నాను. ఆయన తల ఊపాడు. వాళ్ళ దేశంలో కాదనడానికి తల పైకీ కిందకీ ఊపుతారని మా ఆయన ఒకసారి చెప్పారు. ఆ రోజు ఆయన ఏ దేశం లెక్కన ఊపాడో నాకు తెలియదు.

రెండేళ్ళ తర్వాత పెద్దాయనా పోయాడు. కాగితాలు ఎవరో లైబ్రరీకి ఇచ్చారు. గాయకబృందం ఇంకొన్నాళ్ళు ఈస్టర్‌కి ఆ రచన పాడింది. కుర్చీలో దంతవైద్యుడు కూర్చునేవాడు. నేను ఒకసారి వెళ్ళాను. ఆయన చక్కగా వేశాడు, మధ్యలో ఆగాల్సిన చోట ఆగాడు. కాగితంలో అలా రాసి ఉంది కాబట్టి ఆగాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు బృందమే లేదు.

మా పాప పెద్దదయింది. ఆదివారాలు వస్తుంది, నాతో పాటు చాప మీద కూర్చుంటుంది. నేను కీర్తన ఎత్తుకుంటాను, ఎక్కడ ఎత్తుకుంటానో ఇప్పుడు నాకు తెలుసు. అది చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటుంది. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఇంకా ఉంది. తాళం వేయడం లేదు.